రాగి గనుల ఊళ్లో పుట్టినోడు: రిచర్డ్ స్టీవెన్స్

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి నేను ఒక ఫంక్షన్ డిలీట్ చేసిన. తెల్లారేసరికి జూనియర్ల ప్రాజెక్టులు మూడు ఆగిపోయినయ్. అదే రోజు పొద్దున పది గంటలకు వాళ్లకు రివ్యూ. ఆ తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నయ్.

సంగతేందంటే, మన బ్రాంచి పిల్లలు కొన్ని బ్యాచుల నుంచి ఒకరి తర్వాత ఒకరు వాడుకుంటూ వస్తున్న చిన్న నెట్‌వర్క్ లైబ్రరీ ఒకటుంది. సర్వర్ పేరు ఇస్తే చాలు, కనెక్షన్ తెచ్చి చేతిలో పెడుతుంది. దాని లోపల గెట్‌హోస్ట్‌బైనేమ్ అనే పాత ఫంక్షన్ ఉండె. పేరు చెప్తే ఐపీ అడ్రస్ చెప్పే ఫంక్షన్ అది. మా రూమ్మేట్ వాళ్లింట్లో పెట్టిన సర్వర్‌కు కొత్త రకం అడ్రస్, అంటే ఐపీ వెర్షన్ 6 అడ్రస్ మాత్రమే ఉంది. మన లైబ్రరీకి అది కనపడనే లేదు. కోపమొచ్చింది. పాతదాన్ని పీకేసి కొత్తది రాసిన, పనిలో పనిగా ఫంక్షన్ పేరు కూడా మార్చిన. నా ప్రోగ్రాం నడిచింది. మిగతావాళ్లది కంపైలే కాలేదు. ఎవరెవరు వాడుతున్నరో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

తప్పు నాదే. దాన్ని సరిచేస్తూ, రిఫరెన్స్ కోసం మనందరికీ తెలిసిన ఆ లావుపాటి పుస్తకం తెరిచిన. సీనియర్ల నుంచి మా దాకా చేతులు మారుతూ వచ్చిన కాపీ, అట్ట ఊడిపోయింది. డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్ రాసిన యూనిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్. ల్యాబ్ రికార్డులో అందులోంచి ఎన్ని ప్రోగ్రాములు ఎక్కించినమో లెక్కలేదు. ఆ మనిషెవరో ఒక్కసారి కూడా అడగలేదు. ఈసారి వెతికిన. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయిన, ఎందుకంటే ఆయన పుట్టింది మన గోదావరిఖని లాంటి ఊళ్లో.

రాగి ఊళ్లు

విలియం రిచర్డ్ స్టీవెన్స్ 1951 ఫిబ్రవరి 5న ఆఫ్రికాలోని లువాన్ష్యా అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో ఆ దేశం పేరు నార్తర్న్ రొడీషియా, బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలో ఉండేది. 1964లో స్వతంత్రం వచ్చాక జాంబియా అయింది. లువాన్ష్యా రాగి గని చుట్టూ కట్టిన ఊరు. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్నంతా కాపర్‌బెల్ట్ అంటారు. మనది కోల్‌బెల్ట్, వాళ్లది కాపర్‌బెల్ట్, అంతే తేడా. బాయి ఉంటే ఊరు, కంపెనీ ఉంటే క్వార్టర్, షిఫ్టును బట్టి ఇంట్లో అన్నం టైము. ఇట్లాంటి ఊళ్లు ఎట్లుంటయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తల్లిదండ్రులు అమెరికన్లు. తండ్రి రాగి పరిశ్రమలో ఉద్యోగి. ఆయన ఉద్యోగంతోపాటు కుటుంబం కూడా ఊళ్లు మారుతూ పోయింది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ, న్యూ మెక్సికో రాష్ట్రంలో హర్లీ, తర్వాత వాషింగ్టన్, మళ్లీ ఆఫ్రికాకు వెళ్లి దక్షిణాఫ్రికాలోని ఫలాబోర్వా. హర్లీ అప్పట్లో రాగి కరిగించే ఊరు. ఫలాబోర్వా రాగి తవ్వే ఊరు. భూపాలపల్లికో మందమర్రికో ట్రాన్స్‌ఫర్ అయితే స్కూలు మారే సింగరేణి పిల్లల్లాగే ఆయన బాల్యం కూడా ఒక గని నుంచి ఇంకో గనికి తిరిగింది. కాకపోతే ఆయన ట్రాన్స్‌ఫర్లు ఖండాలు దాటేవి.

హైస్కూలు చదువు వర్జీనియా రాష్ట్రంలోని ఫిష్‌బర్న్ మిలిటరీ స్కూల్లో, 1968లో పూర్తయింది. తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరి 1973లో ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకున్నాడు. బ్రాంచి ఏంటో తెలుసా? కంప్యూటర్స్ కాదు, ఏరోస్పేస్. విమానాలంటే ఇష్టం. 1970ల్లో ఖాళీ దొరికినప్పుడల్లా విమానం నడిపేవాడు, ఇంకొకరికి నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా కూడా పనిచేశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గాల్లో ఉన్న విమానంలో కొత్తవాడి చేతికి కంట్రోల్స్ ఇచ్చి పక్కన కూర్చునే మనిషి ఏదీ దాటేసి చెప్పలేడు. తర్వాత ఆయన రాసిన పుస్తకాలు చూస్తే ఆ అలవాటు కనిపిస్తుంది.

కొండ మీద టెలిస్కోపు

1975లో స్టీవెన్స్ అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరానికి వచ్చాడు. అక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో కిట్ పీక్ అనే కొండ మీద జాతీయ ఖగోళ పరిశోధనశాల ఉంది. అందులో ప్రోగ్రామర్‌గా చేరి 1982 దాకా పనిచేశాడు. ఉద్యోగం చేస్తూనే అరిజోనా విశ్వవిద్యాలయంలో సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో 1978లో మాస్టర్స్, 1982లో పీహెచ్‌డీ పూర్తి చేశాడు.

డాక్టరేట్ వచ్చాక ప్రొఫెసర్ కాలేదు. దేశానికి అటు చివర కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌కు వెళ్లి, ఆస్పత్రులకు సంబంధించిన ఒక కంపెనీలో కంప్యూటర్ విభాగానికి వైస్ ప్రెసిడెంట్‌గా 1990 దాకా ఉన్నాడు. అంటే మనం గురువు అనుకునే ఈ మనిషి క్లాస్‌రూంలో పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నవాడు కాదు. పొద్దున లేచి ఆఫీసుకు పోయి, సిస్టమ్స్ ఆగిపోతే సమాధానం చెప్పుకోవాల్సిన ఉద్యోగి. ఆ ఉద్యోగంలో ఉండగానే మొదటి పుస్తకం రాశాడు. అది అచ్చయిన 1990లోనే ఉద్యోగం వదిలి కుటుంబంతో టూసాన్ తిరిగి వచ్చేశాడు. అప్పటి నుంచి రాయడం, కన్సల్టింగ్, పాఠాలు చెప్పడం, ఇదే బతుకు.

రెండు దారులు

ఆ మొదటి పుస్తకం ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే 1980ల పరిస్థితి కొంచెం తెలియాలి. రెండు కంప్యూటర్ల మధ్య ప్రోగ్రాములు మాట్లాడుకోవాలంటే ఆపరేటింగ్ సిస్టం ఒక తలుపు తెరవాలి. ఆ తలుపునే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ అంటాం. బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌లో ఒక తలుపు పెట్టారు. దాని పేరు సాకెట్. మనం ల్యాబ్‌లో రాసేది ఇదే. ఇంకోవైపు యూనిక్స్‌కు పుట్టిల్లయిన ఏటీ అండ్ టీ కంపెనీ తన సిస్టం ఫైవ్‌లో టీఎల్ఐ అనే ఇంకో తలుపు పెట్టింది. తర్వాత దాన్నే కొంత మార్చి ఎక్స్‌టీఐ పేరుతో ప్రమాణంగా తెచ్చారు. రెండూ చేసేది ఒకే పని. కానీ ఒకదాంట్లో రాసిన ప్రోగ్రాం ఇంకోదాంట్లో నడవదు. ఏది నిలబడుతుందో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఇట్లాంటప్పుడు చాలామంది ఒక పార్టీలో చేరిపోతారు. స్టీవెన్స్ అట్లా చేయలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే చిన్న క్లయింట్, ఒకే చిన్న సర్వర్ ప్రోగ్రామును రెండు పద్ధతుల్లోనూ రాసి చూపించాడు. దేనిలో ఏ ఇబ్బందో చదివేవాడికే తెలిసిపోతుంది. వీటితోపాటు అప్పట్లో వాడుకలో ఉన్న జిరాక్స్ కంపెనీ వాళ్ల ఎక్స్‌ఎన్‌ఎస్ ప్రోటోకాల్స్ కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. ఇవాళ ఆ పేరు కూడా మనకు తెలియదు.

పుస్తకం ఎంత పాకిందంటే, 1993లో వచ్చిన వేన్స్ వరల్డ్ 2 అనే హాలీవుడ్ కామెడీలో కూడా ఒక సీన్లో కనిపిస్తుంది. సాకెట్ ప్రోగ్రామింగ్ పుస్తకం సినిమాలో కనిపించడం ఎక్కడన్నా విన్నమా?

ఇంటి నుంచి పోయే ప్యాకెట్లు

1992లో యూనిక్స్ ప్రోగ్రామింగ్ మీద పెద్ద పుస్తకం వచ్చింది. 1994లో టీసీపీ/ఐపీ ఇలస్ట్రేటెడ్ మొదటి భాగం. ఇది మన కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టుకు ప్రాణం లాంటిది. అప్పటిదాకా ప్రోటోకాల్ పుస్తకాలంటే బాక్సులు, బాణాలు, ఏడు పొరల బొమ్మ. మనం పరీక్షకు బట్టీ పట్టేది అదే. స్టీవెన్స్ చేసింది వేరు. తన నెట్‌వర్క్ బొమ్మ గీసి పుస్తకం అట్ట లోపలే పెట్టాడు. ఏ మిషన్ పేరేంటి, ఏ సిస్టం నడుస్తోంది, డయలప్ లైన్ ఎక్కడుంది, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత టీసీపీడంప్ అనే టూల్ పెట్టి, తీగ మీద నిజంగా పోతున్న ప్యాకెట్లను పట్టి, ఒక్కో ప్యాకెట్టు ఎన్ని సెకన్లకు పోయిందో టైంతో సహా అచ్చు వేశాడు. పుస్తకంలో చెప్పింది నిజమో కాదో అనుమానముంటే మనమే మన మిషన్ మీద చేసి చూసుకోవచ్చు. ఇవాళ మనం వైర్‌షార్క్ తెరిచి చేసేది అదే పని.

రెండో భాగం 1995లో గ్యారీ రైట్‌తో కలిసి రాశాడు. బర్క్‌లీ యూనిక్స్‌లోని నిజమైన నెట్‌వర్క్ కోడు, దాదాపు 15,000 లైన్లు, లైను లైనుకూ వివరణతో ఉంది. 1996లో మూడో భాగం. ఈ పుస్తకాల పేజీలన్నీ తనే ట్రాఫ్ అనే పాత టైప్‌సెట్టింగ్ పద్ధతిలో కూర్చి, నేరుగా అచ్చుకు పోయేలా తయారుచేసి ఇచ్చేవాడు. నెట్‌వర్క్ కోడులో పాతదాన్ని వదలమని చెప్పిన మనిషి, టైప్‌సెట్టింగ్ దగ్గర మాత్రం పాతదాన్నే పట్టుకున్నాడు. పని చేస్తున్నది, ఎవరికీ అడ్డం రానిది పాతదైతే ఏంటి? పాతది కాబట్టే తీసేయాలనేది ఆయన సిద్ధాంతం కాదన్నమాట.

ఇంకో విషయం. స్టీవెన్స్ ప్రోటోకాల్స్ కనిపెట్టిన మనిషి కాదు. ఇంటర్నెట్ జామ్ కాకుండా టీసీపీ వేగం తగ్గించుకునే పద్ధతులు ప్రధానంగా వాన్ జాకబ్సన్ తెచ్చినవి. అవి కోడులో ఉండేవి, అక్కడక్కడా పేపర్లలో ఉండేవి. ఆ నాలుగు పద్ధతులను ఒక్కచోట పెట్టి 1997 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2001 అనే పత్రంగా రాసింది స్టీవెన్స్. ఇంటర్నెట్ నియమాలన్నీ ఇట్లాంటి ఆర్‌ఎఫ్‌సీ పత్రాలుగానే వస్తాయి. కొత్తగా కనిపెట్టేవాళ్లు కొందరుంటారు. కనిపెట్టినదాన్ని మిగతా అందరి దాకా మోసుకొచ్చేవాళ్లు చాలా తక్కువ. ఆన్‌లైన్ చర్చా వేదికల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు అడిగిన ప్రశ్నలకు కూడా ఆయన ఓపికగా జవాబులు రాసేవాడు.

పాత తలుపు ఎందుకు మూయాలి

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నా. పాత ఐపీ అడ్రస్ 32 బిట్లు. అంటే మొత్తం దాదాపు 429 కోట్ల అడ్రసులు. ప్రపంచానికి చాలవని 1990ల మొదట్లోనే తేలిపోయింది. 1995 డిసెంబరులో 128 బిట్ల ఐపీ వెర్షన్ 6 పత్రం వచ్చింది. కానీ అడ్రస్ మారితే సరిపోదు. లోకంలో రాసిన ప్రోగ్రాములన్నీ 32 బిట్లను నమ్ముకుని ఉన్నాయి. పాత ఫంక్షన్ల లోపలే ఆ నమ్మకం కూర్చుని ఉంది.

గెట్‌హోస్ట్‌బైనేమ్ చూడండి. మామూలుగా అది ఇచ్చేది పాత అడ్రసులే. పైగా జవాబును తన సొంత జాగాలో పెట్టి, దాని పాయింటర్ మన చేతికిస్తుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిస్తే ఒకరి జవాబు మీద ఇంకొకరి జవాబు పడుతుంది. అడ్రస్ అక్షరాలను అంకెగా మార్చే ఐనెట్‌యాడర్ ఇంకో ఉదాహరణ. తప్పు జరిగితే అది ఇచ్చే విలువా, 255.255.255.255 అనే సరైన అడ్రస్ విలువా ఒకటే. అది తప్పో ఒప్పో పిలిచినవాడికి తెలిసే దారి లేదు.

స్టీవెన్స్ మరో ముగ్గురితో కలిసి 1997 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2133 రాశాడు. సాకెట్ ఇంటర్‌ఫేస్‌ను ఐపీ వెర్షన్ 6కు ఎట్లా పెంచాలో చెప్పే పత్రం అది. ఈ ప్రయత్నంలో గమనించాల్సింది ఏంటంటే, పాతదాన్ని కూల్చమని వాళ్లు మొదలుపెట్టలేదు. పాత సాకెట్ కాల్స్ అట్లాగే ఉంచారు. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదు. కొత్త ప్రోగ్రాం పాత సర్వర్‌తో కూడా మాట్లాడగలగాలి. అందుకని కొత్త అడ్రస్ లోపల పాత అడ్రస్‌ను ఇమిడ్చే పద్ధతి ఉంది. పేర్లను అడ్రసులుగా మార్చడానికి పోసిక్స్ కమిటీ ముసాయిదాలోని గెట్‌యాడర్‌ఇన్ఫో అనే ఫంక్షన్‌ను తీసుకున్నారు. ఇది ఏ రకం అడ్రసైనా ఇస్తుంది, ఉన్నవన్నీ లిస్టుగా ఇస్తుంది. ఆ జాగా మనది. పనయ్యాక మనమే వదిలేయాలి, కాబట్టి థ్రెడ్ల గొడవ లేదు.

1998లో నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. రెండో ముద్రణ అంటే నాలుగు తప్పులు దిద్దడం కాదు, మొత్తం తిరగరాశాడు. ఎక్స్‌ఎన్‌ఎస్ తీసేశాడు. అంటే తన పుస్తకంలోంచి కాలం చెల్లినదాన్ని మొదట తీసింది తనే. సాకెట్లు, ఎక్స్‌టీఐ రెండూ ఉంచాడు, ఎందుకంటే రెండూ అప్పటికి జనం వాడుతున్నారు. పాత ఫంక్షన్ గురించి చెప్పి, దాని లోపం చెప్పి, కొత్తది చూపించి, ఒకే ప్రోగ్రామును పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చి చూపించాడు. మన సీనియర్ల రికార్డుల్లో పాత ఫంక్షన్ ఉండడం ఆయన తప్పు కాదు. మనం ఆ ప్రోగ్రాం దాకా చదివి, తర్వాతి పేజీ తిప్పలేదు, అంతే.

48 ఏళ్లు

రెండో ముద్రణను మూడు సంపుటాలుగా రాయాలని అనుకున్నాడు. రెండు వచ్చాయి. మూడోది, అప్లికేషన్ల మీద రాయాల్సింది, రాలేదు. 1999 సెప్టెంబరు 1న రిచర్డ్ స్టీవెన్స్ చనిపోయాడు. వయసు 48. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. మరుసటి ఏడాది యూసెనిక్స్ సంస్థ తన జీవిత సాఫల్య పురస్కారాన్ని ఆయన పేరిట ఇచ్చింది.

మామూలుగా జీవిత చరిత్ర ఇక్కడ అయిపోతుంది. ఈయన కథలో మాత్రం నాకు బాగా తాకింది ఆ తర్వాతిదే.

ఆయన పోయే ఆరు నెలల ముందు, 1999 మార్చిలో, ఆ నలుగురే రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2553 వచ్చింది. అందులో గెట్‌ఐపీనోడ్‌బైనేమ్ అనే ఇంకో ఫంక్షన్ పెట్టారు. పాతదాని స్థానంలో రావాల్సిన ఫంక్షన్ అది. వాడుకలో చూస్తే గెట్‌యాడర్‌ఇన్ఫో ఉండగా దీనితో పని లేదని తేలింది. 2003 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3493లో దాన్ని తీసేశారు. లినక్స్‌లో వాడే జీలిబ్‌సీ లైబ్రరీ కూడా దాన్ని తొలగించింది. ఆ 2003 పత్రం మీద రచయితల్లో స్టీవెన్స్ పేరు ఉంది, చనిపోయిన మూడున్నరేళ్ల తర్వాత. తను పెట్టిన ఫంక్షన్‌ను తీసేసిన పత్రం మీద తన పేరే.

అదే ఏడాది నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ మొదటి సంపుటం మూడో ముద్రణ వచ్చింది. బిల్ ఫెన్నర్, ఆండ్రూ రుడాఫ్ అనే ఇద్దరు తయారుచేశారు. వాళ్లు ఎక్స్‌టీఐ అధ్యాయాలను తీసేశారు, ఎందుకంటే అప్పటికి దాన్ని వాడేవాళ్లు లేరు. దాని బదులు ఎస్‌సీటీపీ అనే కొత్త ప్రోటోకాల్ చేర్చారు. స్టీవెన్స్ కష్టపడి రాసిన పేజీలు పోయాయి. అట్ట మీద మొదటి పేరు మాత్రం ఆయనదే. రాసిన వాక్యాలు పోయినా రాసే పద్ధతి నిలబడింది. యూనిక్స్ పుస్తకాన్ని స్టీఫెన్ రాగో, టీసీపీ/ఐపీ మొదటి భాగాన్ని కెవిన్ ఫాల్ ఇట్లాగే కొనసాగించారు.

మరి మన గెట్‌హోస్ట్‌బైనేమ్ ఏమైంది? పోసిక్స్ ప్రమాణం 2001లో దాని మీద ఇక పాతబడిందన్న ముద్ర వేసింది. వెంటనే తీసేయలేదు. ఏడేళ్లు ఆగి 2008 ప్రమాణంలోంచి తొలగించింది. అయినా జీలిబ్‌సీలో అది ఇప్పటికీ ఉంది, ఎందుకంటే దాన్ని నమ్ముకున్న పాత ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి.

ఉంటే ఏం నష్టం అంటారా? 2015 జనవరిలో ఘోస్ట్ అనే పేరుతో ఒక పెద్ద లోపం బయటపడింది. జీలిబ్‌సీలో 2000 నుంచి ఉన్న తప్పు. ప్రత్యేకంగా తయారుచేసిన పేరు ఒకటి పంపితే గెట్‌హోస్ట్‌బైనేమ్ తన జాగా దాటి రాసేస్తుంది, దాంతో బయటివాడు సర్వర్‌ను చేతిలోకి తీసుకునే వీలుంది. 2013లోనే ఎవరో దాన్ని సరిచేశారు, కానీ అది భద్రతకు సంబంధించినదని గుర్తించకపోవడంతో చాలా సర్వర్లకు ఆ మార్పు చేరలేదు. కొత్త ఫంక్షన్‌కు మారినవాళ్లు చాలావరకు బతికిపోయారు. నిజం చెప్పాలంటే మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గెట్‌యాడర్‌ఇన్ఫోలో కూడా పెద్ద లోపమే దొరికింది. కొత్తది కాబట్టి గట్టిదని కాదు. కానీ కొత్తదాన్ని చూసుకునేవాళ్లు ఉంటారు. పాతదాన్ని ఎవరూ తెరిచి చూడరు. ప్రమాదం అక్కడే ఉంటుంది.

బాపు చెప్పిన లెక్క

రివ్యూ రోజు రాత్రి ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చుంటే బాపు ఏమైందని అడిగిండు. మా బాపు అండర్‌గ్రౌండ్ బాయిలో సపోర్ట్ పని చేస్తడు. ప్రోగ్రాం సంగతి ఎట్లా చెప్పాలో తెలియక, వాడకంలో లేదనుకుని ఒక దిమ్మ పీకేస్తే రూఫ్ కూలినట్టయిందని చెప్పిన. బాపు నవ్వలేదు. తాపీగా కూర్చోబెట్టి డీపిల్లరింగ్ ఎట్లా చేస్తరో చెప్పిండు.

మొదట బొగ్గులో దారులు తవ్వుతూ మధ్యలో పిల్లర్లు వదులుతరు. చివర్లో ఆ పిల్లర్ల బొగ్గు కూడా తీసుకుంటూ వెనక్కి వస్తరు. బొగ్గు తీసేసిన ఖాళీ జాగా గోఫ్. అక్కడి ప్రాపులు అట్లాగే వదిలేస్తే రూఫ్ కూలకుండా వేలాడుతుంది. ఆ బరువంతా మనుషులు పనిచేసే చోటికి వస్తుంది. కాబట్టి పాత ప్రాపులు ఉండడమే ప్రమాదం, తీయాల్సిందే. కానీ ఊరికే తీయరు. ముందు గోఫ్ అంచున కొత్త ప్రాపుల వరస గట్టిగా నిలబెడతరు. లోపల ఎవరూ లేరని చూసుకుంటరు. ఓవర్‌మన్, సర్దార్ ఎదురుగా ఉండగా, దూరంగా గట్టి రూఫ్ కింద నిలబడి, గొలుసుతో గుంజుతరు. గోఫ్ వైపు నుంచి మొదలుపెట్టి వరస ప్రకారం తీస్తరు. ఒక్కడు పోయి ఒక్క ప్రాపు మీద చెయ్యేసుడు ఎన్నడూ ఉండదు.

నేను విన్నది మైనింగ్ పాఠమే. కానీ 2001లో ముద్ర వేసి 2008లో తీసిన పోసిక్స్ పద్ధతి, పాతదాని పక్కన కొత్తది నిలబెట్టిన ఆర్‌ఎఫ్‌సీ పద్ధతి, రెండు తలుపులూ చూపించి ఏది మూతపడుతుందో చదివేవాడికి తెలిసేలా చేసిన స్టీవెన్స్ పద్ధతి, మూడూ ఇదేనని అప్పుడు అర్థమైంది. నాకు తెలిసింది కొత్త ఫంక్షన్ రాయడం మాత్రమే. తీసేయడం ఒక పని అనీ, దానికీ ఒక వరస ఉంటుందనీ తెలియలేదు. ఆ రాగి ఊళ్లలో పెరిగిన పిల్లాడు తండ్రి పని నుంచి ఏమైనా నేర్చుకున్నాడా అంటే చెప్పలేను. నేనైతే నేర్చుకున్న.

కాబట్టి జూనియర్లూ, మొదటగా సారీ. రెండోది, పాత ఫంక్షన్‌ను మళ్లీ లైబ్రరీలో పెట్టిన. దాని లోపల ఇప్పుడు గెట్‌యాడర్‌ఇన్ఫోనే ఉంది, కాబట్టి మీ కోడు మార్చకుండానే కొత్త అడ్రసులు కూడా పనిచేస్తయ్. కంపైల్ చేస్తే ఒక వార్నింగ్ వస్తుంది, దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి. కొత్త ఫంక్షన్‌కు ఎట్లా మారాలో పాత కోడు, కొత్త కోడు పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాసిన, లైబ్రరీతోపాటే ఉంది. ఎవరెవరి ప్రాజెక్టులు దీన్ని వాడుతున్నయో లిస్టు చేస్తున్న, మీది అందులో లేకపోతే వచ్చి చెప్పండి. ఈ సెమిస్టర్ ల్యాబ్ ఎగ్జామ్స్ అయ్యేదాకా ఏదీ ముట్టను. అవి అయినంక, లిస్టులో అందరి పేర్ల పక్కన టిక్ పడ్డంక, అప్పుడు తీసేద్దాం. ఆ రోజు ల్యాబ్‌కు రండి, అందరం ఉండగానే తీస్తా.